ఆడోళ్ళ వరస, మగోళ్ళ వరస

రాండి, రాండి, ఇట్ల దగ్గరికి జరగండి. ముందర నిలబడినోళ్ళు కూసోండి, మీ తలకాయలు ఎనకోళ్ళకు అడ్డం. సుందరా, నోట్లో వక్క వేసుకో, మాట దానంతట అదే తగ్గిపోతుంది. తళవాయిపురం బస్సుకు ఇంకా టైం ఉండాది, ఎవురూ లెయ్యొద్దండి. మన కుమారసామి రాజా రెండు దేశాల నడుమ ఇరుక్కున్న కత చెప్తా. దీంట్లో ఒక్క అబద్ధం ఉంటే నా మీసం గొరిగించుకుంటా. నాకు మీసం లేదు, అది వేరే సంగతి.

కుమారసామి అంటే తెలుసు గదా, నూలు మిల్లులో పార్ట్‌నర్. మిల్లు సంగు, అదే సైరన్, ఊదితే చోళపురంలో కోళ్ళు లేచే కాలం అది. కొత్త మిషిన్ చూసి రమ్మని ఆయన్ను సుయిస్ దేశానికి పంపినారు. ఒక్కడే పోతే ఏం తింటాడో అని భార్య మంగళం కూడా పెట్టె కట్టుకుని బయల్దేరింది. ఇద్దరికీ కలిపి ఒకటే పాస్‌పోర్ట్ బుక్కు. దాంట్లో పోటోలో కుమారసామికి తల నిండా జుట్టు, తేలు కొండి లాంటి మీసం. పోటో తీసినాక ఈయన ఏం చేసినాడంటే, విమానం కింద పడకూడదని పళని సామి గుడికి పోయి మొట్టై, అదే గుండు, కొట్టించుకున్నాడు. మీసం కూడా సామికే ఇచ్చేసినాడు. బుక్కు మాత్రం మంగళం సంచిలో భద్రంగా ఉండాది. ఇంటి తాళం, నగ, బుక్కు, అన్నీ ఆడోళ్ళ దగ్గరే గదా మనకు.

సరి, విమానం దిగినారు. ఆ ఊరి పేరు నా నోట్లో తిరగదు. సుయిస్ దేశమూ ప్రెంచి దేశమూ, పంపకాలైన అన్నదమ్ములు ఒకే బావి వాడుకున్నట్టు, ఒకే ఏరోడ్రం కట్టుకున్నారు. నడుమన పొడుగునా అద్దం గోడ. ఎడమ వాకిట్లో పోతే సుయిస్, కుడి వాకిట్లో పోతే ప్రెంచి. పలక మీద రాసి పెట్టినారు, కాని ఆ రాత ఎవురికి వచ్చు?

కుమారసామి నిలబడి చూసినాడు. రెండు వరసలు. ఎడమ పక్క గౌన్లు వేసుకున్న ఆడోళ్ళు. కుడి పక్క టోపీలు పెట్టుకున్న మగోళ్ళు. రేషన్ అంగట్లో అంతే, టెంటు సినిమాలో అంతే, గుడిలో అంతే. ఎంత మర్యాద తెలిసిన దేశం అనుకున్నాడు. "నువ్వు ఆడోళ్ళ వరసలో పో, నేను మగోళ్ళ వరసలో వస్తా, బయట కలుసుకుందాం" అని మంగళాన్ని పంపించి, మెడ సాచుకుని కుడి పక్క నిలబడినాడు.

మంగళం బుక్కు చూపించింది. మొగుడు యాడ అని సైగ చేస్తే, వస్తా ఉండాడని ఎనక్కి చెయ్యి చూపించింది. సుయిస్ ఆఫీసర్ టక్కుమని ముద్ర కొట్టినాడు. ఆమె దేశం దాటేసింది.

ఈ పక్క ప్రెంచి ఆఫీసర్ చెయ్యి చాపినాడు. బుక్కు యాడ? అద్దానికి అవతల. కుమారసామి జేబులు తడుముకున్నాడు. ముందుకు పోదామంటే బుక్కు లేదు. ఎనక్కి పోయి ఆ వరసలో కలుద్దామంటే, ఎనక ఒక పచ్చ గీత, ఒకసారి దాటితే మళ్ళీ దాటకూడదంట. నడుమన ఒక బెంచీ. ఆ బెంచీ ఏ దేశందో దాని మీద కూసున్నోడికీ తెలవదు, తుడిచేవాడికీ తెలవదు. అక్కడ కూసోబెట్టినారు. బోనులో పడిన ఎలక నయం, దానికి కనీసం కొబ్బరి ముక్క పెడతారు.

ఆయనకు వచ్చిన ఇంగ్లీషంతా మిల్లు ఇంగ్లీషు. బాబిన్ అన్నాడు, షిఫ్ట్ అన్నాడు. అద్దం వైపు చూపించి వైఫ్ అన్నాడు. ఆ మాట మాత్రం అందినట్టుంది. ఇద్దరు ఆఫీసర్లూ అద్దానికి చెరో పక్క వచ్చి, నడుమన ఉన్న చిన్న కిటికీ తెరిచి మాట్లాడుకున్నారు. బుక్కులో పోటో చూసినారు, బెంచీ మీద గుండు చూసినారు. మళ్ళీ పోటో, మళ్ళీ గుండు. ఎవుడో ఆ యమ్మ ఎనక తగులుకుని వచ్చిన దొంగ అని తేల్చినారు.

కడాకు, ఇంగ్లీషు వచ్చిన ఆఫీసు పిల్లను పిలిచి, మంగళాన్ని అడగమన్నారు. ఇతను నీ మొగుడైతే పేరు చెప్పు, బుక్కు చూడకుండా చెప్పు, వదిలేస్తాం అని. మంగళానికి ఇంగ్లీషు రాదు గదా, ఆ పిల్ల సైగల్తోనే అడిగింది.

అయిపోయింది కత అనుకున్నాడు కుమారసామి. మొగుడి పేరు పలికితే మొగుడి ఆయుస్సు తగ్గుతుందని మంగళం భయం. రేషన్ కార్డు రాసేటప్పుడు కూడా పక్కింటి జక్కమ్మను తోడు తీసుకుపోయి పేరు చెప్పించిన మనిషి. ఇప్పుడు ఏం చేస్తుంది? సిగ్గుపడి, కొంగు నోట్లో పెట్టుకుని, తల అడ్డంగా ఊపింది. పేరు చెప్పను అని ఆమె ఊపింది. వీడు నా మొగుడు కాదు అని వాళ్ళకు అర్థమైంది.

ఆమె ఊరికే ఉంటే బాగుండు. పళని సామి పేరే గదా, తెలిసిపోతుందిలే అని, చేత్తో ఈటె పట్టినట్టు చూపించింది, రెండు చేతులూ రెక్కల మాదిరి విప్పి నెమిలిని ఆడించింది. పక్షిని దాచి తెచ్చింది అనుకున్నాడు సుయిస్ ఆఫీసర్. కస్టమ్స్ వాళ్ళు పరిగెత్తి వచ్చి ఆమె పెట్టె తెరిచి, వడియాలు, అప్పడాలు, కారం పొడి, ఒక్కోటి విప్పి నెమిలి కోసం వెతికినారు. కారం పొడి విప్పినోడు తుమ్మిన తుమ్ముకు ప్రెంచి పక్క జెండా ఆడింది.

నెమిలి దొరకలేదు. వచ్చిన విమానంలోనే ఈ గుండోణ్ణి ఎనక్కి పంపించేద్దామని చెప్పి, ఇద్దరు పోలీసులు చెరో రెక్క పట్టుకున్నారు. బయట విమానం రెక్క తిప్పతా ఉండాది. కుమారసామి అద్దం వైపు తిరిగి చూసినాడు. ఆ యమ్మకు భాష తెలవదు, ఊరు తెలవదు, రూపాయి చెల్లదు. "మంగళం, చెప్పు. నా ఆయుస్సు తగ్గితే తగ్గనీ, మిగిలింది నీతోనే గదా" అన్నాడు. కిటికీ మూసేసినారు, అద్దంలో మాట పోదు. పెదాలు మాత్రం కదిలినాయి.

మంగళం కొంగు నోట్లోనుంచి తీసింది. పేరు పెట్టి పిలవడం అంటే ఆమెకు చేలో పాలేర్లను పిలవడం ఒక్కటే అలవాటు. పెండ్లైన నాటి నుంచి దాచిపెట్టిన పేరంతా ఒక్క గుక్కలో బయటికి వచ్చింది.

"ఒరే కుమారసామీ, ఇట్ల రా."

అద్దం ఝల్లుమనింది. రెండు దేశాల కుక్కలూ మొరిగినాయి. విమానం భయపడి రెక్క ఆపేసింది. ఆ గొంతులో తన పేరు ఎట్ల ఉంటుందో కుమారసామి అంతవరకు ఎరగడు. బడి పిలకాయ మాదిరి చెయ్యెత్తి "వస్తా ఉండా" అన్నాడు. ఆ పిలుపుతో మొగుణ్ణి కాక ఇంకెవుర్నీ పిలవరని ఇద్దరు ఆఫీసర్లకూ ఒకేసారి తెలిసిపోయి, పచ్చ గీత మీద కాలు పెట్టనిచ్చినారు.

ఊరికి వచ్చినాక మంగళానికి నిద్ర లేదు, ఆయుస్సు తగ్గుతుందేమో అని. అరుగు మీద కూసుని ఇదంతా విన్న జక్కమ్మ ఆలోచించి, ఆలోచించి చెప్పిందంట: "నీ నోరు ఒక దేశంలో ఉండె, ఆయన చెవి ఇంకో దేశంలో ఉండె. పాపం నీకూ రాదు, ఆయనకూ రాదు, నడుమనున్న అద్దానికే. పళనికి తీసుకుపోయి దానికి ఒక మొట్టై కొట్టించేస్తే సరిపోతుంది."