మనది, మాది

ఎర్రమంచిలో పీర్ల చావిడి ఎవరిదని అంతకుముందు ఎవరూ అడగలేదు. శనివారం ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించే నేను, మొహరం వస్తే చావిడిలో పీర్లకు చక్కెర చదివించేవాణ్ణి. ఏ దేవుడూ కోప్పడినట్టు తోచలేదు. చావిడి చూసుకునేది హుసేన్ సాబు. పెద్ద పీరును ఎత్తుకుని నిప్పుల గుండం తొక్కేది ఓబులేసు. తాతల నాటి నుంచీ అంతే.

ఆ ఏడు ఓబులేసుకు మొక్కు ఉండింది. కూతురు నీలావతికి పుట్టిన బిడ్డలు దక్కలేదు. ఈ కాన్పు నిలిస్తే, గుండం తొక్కి వచ్చి బిడ్డను పీరు కింద దాటిస్తానని మొక్కుకున్నాడు. బిడ్డ నిలిచింది.

పండుగ ముందర మద్రాసు నుంచి యూనివర్సిటీ అయ్య ఒకాయన వచ్చాడు. మంచివాడే. చెప్పులు విడిచి మాతో చాప మీద కూర్చున్నాడు. అన్ని మతాలవాళ్లూ కలిసి బతికే తీరు మా నోటనే విని, దేశానికి చెబుతానన్నాడు. విడివిడిగా అడిగితే మనసు విప్పుతారని, మమ్మల్ని బడిలోనూ, సాయిబులను చావిడిలోనూ కూర్చోబెట్టాడు. అట్లా వేరుగా కూర్చోవడం మాకు అదే మొదలు.

ఆయనకు తెలుగు రాదు. హిందూపురం నుంచి తెచ్చుకున్న గుమాస్తా మా మాటలు తర్జుమా చేసి చెప్పేవాడు. ఆ గుమాస్తా ఇంట్లో కన్నడం. కన్నడంలో మనది అన్నా మాది అన్నా ఒకటే మాటంట.

"చావిడి ఎవరిది?" అని బడిలో మమ్మల్ని అడిగారు.

"మనది" అన్నాడు ఓబులేసు.

మరునాడు ఓబులేసు, నేను చావిడికి పోయాం.

"ఏం మామా, గుండం తవ్వేదానికి గడ్డపార తెద్దునా?" అన్నాడు ఓబులేసు.

హుసేన్ సాబు తల ఎత్తలేదు. ధర్మవరం నుంచి పండుగకు వచ్చిన ఆయన అల్లుడు మహబూబు అందుకున్నాడు. "మీ చావిడి గదప్పా! మమ్మల్ని అడిగేదేంది?"

"పట్టుచీరలు అమ్మి అల్లుడు ఎగతాళి బాగా నేర్చినాడే!" అని నవ్వాడు ఓబులేసు.

"నవ్వద్దు. చావిడి మాది అని నువ్వు చెప్పినావంట. గుమాస్తా ఈడ అందరి ముందరా చెప్పినాడు."

"మాది అనలేదబ్బా! మనది అంటి. నీదీ నాదీ!"

"చదువుకున్నోడు అబద్ధం చెప్తాడా?"

"నేను ఆడనే ఉంటిని. మనది అనే అన్నాడు" అన్నాను నేను.

"నువ్వూ వాళ్లోడివే గదా" అన్నాడు మహబూబు.

ఆ మాట నా గురించి మా ఊళ్లో వినడం అదే మొదలు.

సాయంత్రానికి సంగతి మా వీధికీ పాకింది. "మాది అంటే తప్పేముండాది? గుండానికి కట్టెలు ఇచ్చేది ఎవరు?" అని మావాళ్లలో పుల్లన్న అనేవాడు రచ్చ మీద అరిచాడు. అనని మాట, అన్నదానికంటే గట్టిగా నిలబడింది. నాలుక ఇచ్చిన దేవుడు దానికి కాపలా ఎందుకు పెట్టలేదో!

మావాళ్లు కట్టెలు ఇవ్వలేదు. హుసేన్ సాబు కంపలు కొట్టించి చిన్న గుండం చేయించాడు. పండుగ నాటి ఉదయం ఓబులేసు తడిబట్టలతో చావిడి గడప దగ్గర నిలబడ్డాడు. మహబూబు అడ్డం వచ్చాడు.

"చావిడి మీది అని అందరూ వినేటట్టు చెప్పు. చెప్పి ఎత్తుకో."

ఓబులేసు హుసేన్ సాబు వైపు చూశాడు. ముసలాయన కళ్లు తుడుచుకుంటూ పక్కకు తిరిగాడు. గుండం అవతల నీలావతి బిడ్డను ఎత్తుకుని ఎదురుచూస్తోంది.

"మీదే. చావిడి మీదే" అన్నాడు ఓబులేసు.

పీరును భుజానికెత్తుకుని నిప్పుల్లో నడిచాడు. అవతలి గట్టున పుల్లన్నా, ఇంకొందరూ కర్రలతో అడ్డంగా నిలబడ్డారు. నీలావతి బిడ్డతో వాళ్ల వెనక చిక్కుకుపోయింది.

"మీది అంటివి గదా. ఆ పక్కకే పో!" అన్నాడు పుల్లన్న.

వెనక నుంచి మహబూబు మనుషులు వస్తున్నారు. ఓబులేసు కాళ్లు ఇంకా నిప్పుల్లోనే ఉన్నాయి. "దారి ఇడవండప్పా, బిడ్డను దాటించుకుంటా" అన్నాడు.

మావాళ్లు కదల్లేదు.