కడగని డ్రమ్ములు

మామిడి తోటలో పూత మందు కొట్టిన మర్నాడు ఆగిరిపల్లి అవతలి చెరువులో చేపలు తేలాయి. కట్ట పొడవునా శీలావతులు, బొచ్చెలు వెల్లకిలా పడి ఉన్నాయి. కాకులు వాటి జోలికి రాలేదు.

తోట గుత్తకు తీసుకున్న కిషోర్ బాబు నూజివీడు నుంచి కారులో వచ్చి చూశాడు. మబ్బుకు గాలాడక చచ్చాయన్నాడు. మందు కూలీ పున్నమ్మ ఒక చేప మొప్ప ఎత్తి చూపించింది. ఎర్రగా ఉండాల్సింది జిగురు పట్టి పాలిపోయింది.

“ఊరికే వచ్చాయి కదే, కూర వండుకోండి,” అని నవ్వి కారెక్కాడు.

మామిడి కోతలయ్యాక కూలీలకు పనులుండవు. ఆ నెలలు వాళ్లను బతికించేది ఈ చేపలే.

సాయంత్రం అంతా కట్ట మీద కూడారు. కూలీ సంఘం సుభాష్ విషయం చెప్పాడు. మందు డ్రమ్ముల్లోది నానో రాగి, కంటికి ఆననంత సన్నం. ఆకులోకి ఇట్టే దిగుతుందని కంపెనీవాళ్లే చెప్పుకుంటారు. మొప్పలోకీ అలాగే దిగుతుంది. కలెక్టరుకు అర్జీ పెడదామన్నాడు. పని పోతే తిండెవరు పెడతారని కొందరు ఎదురు తిరిగారు. మాటా మాటా పెరిగింది.

పున్నమ్మ లేచింది.

“డ్రమ్ములు చెరువులో ముంచి కడిగిందెవరు? బాబుగారు చెప్పారు, మనం కడిగాం. కొరమేను పైకొచ్చి నోరు తెరిస్తే, అది గాలికి రావడం మామూలేగా అనుకున్నాం. తర్వాత, ఎప్పుడూ గాలికి పైకి రాని శీలావతీ వచ్చింది. అదీ చూసి ఊరుకున్నాం.”

ఆమె సుభాష్ వైపు తిరిగింది.

“అర్జీ పెట్టు సుభాషూ. రేపట్నుంచి డ్రమ్ము కడగం, మందూ కొట్టం.”

తెల్లారి, అడుగున నీలి మడ్డితో ఉన్న డ్రమ్ములను కట్ట మీద నిలబెట్టి వాటి ముందు కూర్చున్నారు. కిషోర్ బాబు చింతలపూడి నుంచి వేరే ముఠాను వ్యానులో తెచ్చాడు. వెనకే పోలీసు జీపు వచ్చింది. పనికి అడ్డం పడుతున్నారని పున్నమ్మనూ సుభాష్‌నూ ఎక్కమన్నారు.

ముఠా మేస్త్రి లేయా దగ్గరికొచ్చింది.

“ఏంటి వదినా ఈ గొడవ?”

పున్నమ్మ చేప మొప్ప ఎత్తి చూపించింది. “మీ ఊళ్లో చెరువుందా అమ్మా?”

లేయా ఆ మొప్పను వేలితో తాకి చూసింది.

“ఉంది. మేమూ అందులోనే కడిగాం.”

ఆమె స్ప్రే గన్ను కింద పెట్టి డ్రమ్ముల ముందు కూర్చుంది. ముఠావాళ్లు ఒక్కొక్కరే వ్యాను దిగి పక్కన చేరారు. కిషోర్ బాబు కేకలకు ఎవరూ తల తిప్పలేదు.

పున్నమ్మనూ సుభాష్‌నూ ఎక్కించుకుని జీపు కదిలింది. పున్నమ్మ వెనక్కి చూసింది. చెరువు నడుమ కొరమేను ఒకటి పైకొచ్చి నోరు తెరిచింది. ఈసారి కట్ట మీది వాళ్లంతా అటే చూస్తున్నారు.