అతిథుల చాప

పదవి పోయిన మనిషితో కాపురం ఎంత కష్టమో నన్నడగండి. పార్లమెంటులో ఇద్దరు సభ్యులు అవతలి పక్షంలోకి దూకేసరికి మా ఆయన సెమిసికి ప్రధాని పదవి ఊడింది. రాజధాని ఫునాఫుతిలో ఇల్లు ఖాళీ చేసి, సరుకుల ఓడెక్కి మా దీవికి వచ్చేశాం. అప్పటి నుంచి ఆయన కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నారు. ఫోనుకు సిగ్నలు అందేది పడవల రేవు దగ్గరే. రోజూ అక్కడ నిలబడి ఇంటర్నెట్‌లో తన గురించి రాసిన పేజీ చూసుకుంటారు. పేరు ముందు ‘మాజీ’ ఎప్పుడో చేరింది. అయినా చూస్తారు.

“నేనీ దీవిలోనే పుట్టానని మొదటి లైన్లోనే ఉంది, చూడు” అన్నారొకసారి.

“పుట్టారు, సరే. ఇప్పుడిక్కడ బతకాలి కదండీ” అన్నాను.

ఆయన బాధ నాకు తెలియక కాదు. పులకా దుంపలు పండించే గుంటలోకి ఆయన దిగబోతే ఊళ్ళోవాళ్ళు చేతిలో పార లాక్కుని నీడన కూర్చోబెడుతున్నారు. తిట్టేవాళ్ళు లేరు, వేళాకోళమాడేవాళ్ళు లేరు. ఆయన సొంత అన్న తౌలాగి కూడా “మీకెందుకులెండి” అంటున్నాడు. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

చర్చి పండుగ నాడు ఊరంతా సభా మందిరంలో చేరింది. అక్కడ ఒక్కో కుటుంబానికి ఒక్కో స్తంభం. ఇంటిపెద్ద దానికి ఆనుకుని కూర్చుంటాడు, అతని వాళ్ళు వెనక. ఎదురుగా అతిథుల చాప. అతిథికి ముందు వడ్డిస్తారు, దీవి సంగతుల్లో మాత్రం నోరు విప్పనివ్వరు. ఈయన అన్న వెనక కూర్చుంటారని నేను ఆశపడ్డాను. ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? కాళ్ళు తిన్నగా అతిథుల చాప మీదికే నడిపించాయి. వంటల దగ్గర నుంచి చూస్తున్నాను. ఇక చచ్చేదాకా మేమిక్కడ చుట్టాలమే అనుకున్నాను.

ఆయన మెళ్ళో పూలదండ వేశారు. పెద్దాయన ఫైవా లేచి, బడిలో అచ్చు తీయించిన ఆ ఇంటర్నెట్ పేజీనే గొంతెత్తి చదవడం మొదలుపెట్టాడు. ఎక్కడ చదివారు, ఏ సభల్లో మాట్లాడారు, అన్నీ. మా ఆయన తల వంచుకుని విన్నారు. సగంలో దండ తీసి చాప మీద పెట్టి లేచారు. పెద్దల ముందు నుంచి నడుం బాగా వంచి వెళ్ళి, తౌలాగి వెనక పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు.

ఫైవా చదవడం ఆపేశాడు. తౌలాగి వెనక్కి తిరిగి కూడా చూడకుండా అన్నాడు.

“ఒరేయ్, మోకాలు తీయ్. నా వీపులో గుచ్చుకుంటోంది.”

మా ఆయన కాళ్ళు ముడుచుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

“పొద్దున్నే గుంటలోకి దిగాలి” అన్నాడు తౌలాగి మళ్ళీ. “ఆ ఫోను ఇంట్లో పారేసి రా.”