పక్కన ఆవిడ ఫోటో

ఆమె బీన్స్ తుంచుతుంటే మావగారు కుర్చీ దగ్గరికి లాక్కుని పేపరు చదివి వినిపించడం ఆ ఇంట్లో రోజూ ఉండేదే. ఆమె పనిచేసేది ఆ పేపర్లోనే, అందులో విదేశీ వార్తల పేజీ ఆమె చేసేదే. కోడలి పేజీ అయ్యేదాకా ఆయన మరో వార్త ముట్టుకోరు.

ఆ రోజు ఏదో దేశంలో వంతెనల కాంట్రాక్టుల్లో లంచం తిన్న మంత్రి కథ. సగం పేజీ ఆయన భార్య ఫోటో, మెడనిండా ముత్యాలతో.

"చూశావా అమ్మా, ఈవిడ సోకులే పాపం ఆయన్ని ముంచాయి," అన్నారు మావగారు.

ఆమె చేతులు ఆగిపోయాయి. భర్త నిక్షేపంలాంటి ఉద్యోగం మానేసి, షాపు పెట్టి చేతులు కాల్చుకున్నప్పుడు, "కోడలికి ఆశ ఎక్కువ, మావాడు పాపం మెతక" అని ఈయనే చుట్టాలందరికీ చెప్పారు. చెడ్డవారని కాదు, ఆమెకు ఒళ్ళు వెచ్చబడితే పాలు కాచి తెచ్చే మనిషి. పోనీలే అని ఆమె ఏళ్ళ తరబడి నవ్వి ఊరుకుంది. లోపల మాత్రం ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడు చూస్తే అలాంటి మాటలకు రోజూ నీళ్ళు పోస్తున్నది తన పేజీయే.

ఆఫీసుకు వెళ్ళగానే పాత పేజీలు తిరగేసింది. గిట్టని దేశపు మంత్రి తింటే దోపిడీ అని రాశారు, మిత్రదేశపు మంత్రి తింటే ఆరోపణలన్నారు, అదీ ఓ మూలన. అన్ని దేశాలకూ సమానంగా దక్కింది ఒక్కటే, పక్కన ఆవిడ ఫోటో. అవన్నీ వెతికి పెట్టింది తనే. ఆమెకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

సాయంత్రం ఇంకో దేశంలో ఒక మంత్రి రాజీనామా చేసింది. భర్త కంపెనీకి ప్రభుత్వ భూములు రాసిచ్చిందట.

"పిల్లలతో ఉన్న ఫోటో వెతుకమ్మా," అన్నారు చీఫ్, తన డబ్బాలోని బిస్కెట్లు అందరికీ పంచుతూ. "ఇల్లే పట్టని మనిషికి దేశమేం పడుతుంది, ఆ కోణంలో వెళ్దాం."

"నిన్న మంత్రిగారి భార్యని వేశాం కదా సార్. ఈవిడ భర్తని వేద్దామా?"

"ఆయన్నెందుకమ్మా ఇందులోకి లాగడం? పాపం, ఆయనకేం తెలుసు?"

ఆమె బిస్కెట్ తీసుకుంది. పేజీలో మాత్రం పిల్లల్నీ భర్తనీ ఎవరినీ పెట్టలేదు, మంత్రిని ఒక్కదాన్నే నిలబెట్టింది. చీఫ్ కాసేపు గొణిగి వదిలేశారు.

"ఇవాళ ఇంట్లోవాళ్ళెవరూ లేరేంటమ్మా?" అన్నారు మర్నాడు మావగారు, పేపరు అటూ ఇటూ తిప్పి.

"చేసింది ఆవిడ కదా మావయ్యా. ఆవిడే ఉంది." అక్కడితో ఆగుదామనుకుంది గానీ నోరు ఆగలేదు. "షాపు పెట్టమని నేనెప్పుడూ అనలేదు మావయ్యా. వద్దని బతిమాలాను."

మావగారు కళ్ళజోడు తీసి, అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న కొడుకు వైపు చూశారు. "ఏరా?"

"నిజమే నాన్నా." నురగ మొహంతోనే ఇటు తిరిగాడతను. "వద్దనే అంది. మీరు అందరికీ అలా చెబుతుంటే నాకే హాయిగా ఉండి ఊరుకున్నాను."

మావగారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"మీ చిన్నత్తకి ఫోన్ కలుపమ్మా," అన్నారు మెల్లగా. "అందరికంటే ముందు దానికే చెప్పాను."