రెండు కళ్ళ కెమెరా

సన్నసెగ మీద పెనం పెట్టి రామచంద్రయ్య సిలికాజెల్ గింజలు పోశాడు. చెమ్మ పీల్చి గులాబీరంగుకు తిరిగిన ఆ గింజలు వేడి తగిలితే మళ్ళీ నీలమవుతాయి. వాటిని పొట్లాలు కట్టి కెమెరాల పక్కన పెట్టకపోతే కటకాలకు బూజు పడుతుంది. నల్లగొండలోని ఈ స్టూడియోలో ఏళ్ళ తరబడి పొద్దున్నే జరిగే వంట ఇదే.

బక్కపలచని మనిషి. కుడిభుజం ఎడమదానికంటే కాస్త కిందికి వాలి ఉంటుంది. పెళ్ళిళ్ళలో లైటు ఎత్తి పట్టుకుని అరిగిపోయిన భుజం అది. ఎన్ని జంటల మొహాలు వెలిగించాడో లెక్కలేదు, ఒక్క ఆల్బంలోనూ తాను లేడు. దానికి అతనేం బాధపడలేదు. లైటు పట్టినవాడు ఫోటోలో పడితే అది ఫోటోగ్రాఫర్ తప్పు కదా!

ఇవాళ్టి బాధ వేరు. యజమాని కమలాకర్ బీరువాలోని రెండు పాత ఫిల్ము కెమెరాలను వదిలించుకోదలిచాడు. కట్టంగూరు దగ్గర హైవే మీద హోటలు పెట్టిన కృష్ణకాంత్ సాయంత్రం వస్తానన్నాడు. వాటిని గోడకు మరలతో బిగిస్తాడట, తినడానికి వచ్చినవాళ్ళు పక్కన నిలబడి సెల్ఫీలు దిగడానికి. పెద్దదాన్ని బిగిస్తే బిగించుకోనీ. కమలాకర్ మోజుపడి కొని, ఆర్నెల్లు వాడి మూలన పెట్టిన సరుకది. పైన ఒక కటకం, కింద ఒక కటకం ఉన్న రెండు కళ్ళ కెమెరా మాట వేరు. దాంట్లో పన్నెండు ఫోటోల రీలు ఎక్కించింది, దించింది, తుడిచింది రామచంద్రయ్యే. దాని పొట్టలో మర దిగుతుందన్న తలపుకే అతనికి పొద్దుటి నుంచి ముద్ద దిగలేదు.

మధ్యాహ్నం అక్షిత వచ్చింది. పోచంపల్లిలో ముసలి నేతగాళ్ళ మాటలు రికార్డు చేస్తూ, వాళ్ళ ఫోటోలు ఫిల్ము మీద తీసే పని పెట్టుకున్న పిల్ల. ఒక కెమెరా, రికార్డరుకు ఒక తొడుగు కావాలని ముందే ఫోను చేసింది.

"మగ్గాల కాడ దూది మస్తు లేస్తది కాకా," అంటూ రికార్డరు తీసింది.

రామచంద్రయ్య తాను కుట్టిన తొడుగు అందించాడు. "గొడుగుగుడ్డ ఒక్కటే అయితే చెయ్యి తగిలినప్పుడల్లా గరగరమంటది బిడ్డా. అందుకే లోపల మా నాగరాణి నారాయణపేట చీర ముక్క పెట్టిన."

"చిన్నమ్మను అడిగే కోసినవా?"

"అడిగితే ఇస్తదా?"

అక్షిత పకపకా నవ్వి, కమలాకర్ బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టిన పెద్ద కెమెరాను ఎత్తి కంటికి పెట్టుకుంది. ఆమె మొహం విప్పారింది.

"బరువున్నది గని మస్తున్నది. ఇదే తీసుకుంట అన్నా," అంది కమలాకర్‌తో.

అంటే హోటలు గోడకెక్కేది రెండు కళ్ళదే అని రామచంద్రయ్యకు అర్థమైంది. ఇన్నేళ్ళ నౌకరిలో యజమాని బేరం మధ్య నోరు పెట్టింది లేదు. ఇవాళ కూడా కట్టిన పొట్లాన్నే విప్పి మళ్ళీ కట్టాడు.

తొడుగెలా ఉందో చూద్దామని అక్షిత రికార్డరును దాంట్లో పెట్టింది. "కాకా, జర నీ పేరు, పని చెప్పు."

"రామచంద్రయ్య. స్టూడియోల లైటు పట్టుకుంట."

అతను మాట్లాడుతుండగానే ఆమె పెద్ద కెమెరా మీట నొక్కింది. లోపలి అద్దం ధన్‌మని లేచిపడింది. రికార్డరులో వింటే 'రామ' దాకా ఉంది, ఆపైన అంతా ఆ మోతే.

"నీ పేరే మింగింది కాకా!"

రెండు కళ్ళదాన్ని దగ్గరికి లాక్కుని మళ్ళీ చెప్పమంది. ఈసారి టిక్కుమంది, అంతే. హెడ్‌ఫోన్లు అతని చెవులకు తగిలించింది. అతని పేరు, పని మొత్తం వినబడ్డాయి.

"వాళ్ళు మాట్లాడుతుంటెనే ఫోటో తియ్యాలన్నా. పెద్దది వద్దు, నాకు గిదే కావాలె."

పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి రామచంద్రయ్య ఒక్కసారిగా వదిలాడు. నవ్వొచ్చింది, వెంటనే కళ్ళూ తడిశాయి. ఆ తడికి ఎక్కడ బూజు పడుతుందోనన్నట్టు గబుక్కున తుడుచుకున్నాడు.

అక్షిత అక్కడే రీలు ఎక్కించి, అతన్ని ఎదురుగా కూర్చోమంది.

"మరి లైటెవరు పడ్తరు?" అన్నాడు రామచంద్రయ్య, లేవబోతూ.

"కూసో రామచంద్రన్నా, నేను పట్టుకుంట," అని కమలాకర్ లైటు అందుకున్నాడు. యజమానికి ఆ పని అలవాటు లేదు, వెలుగు కాస్త పక్కకే పడింది. రామచంద్రయ్యే మొహాన్ని ఆ వెలుగువైపు తిప్పుకున్నాడు. కెమెరా టిక్కుమంది.

కెమెరా అక్షితతో చౌటుప్పల్ బస్సెక్కి పోచంపల్లి దారి పట్టింది. హోటలాయన కోసం పెద్దదాన్ని అట్టపెట్టెలో సర్ది, రామచంద్రయ్య చీపురు అందుకున్నాడు. స్టూడియో అంతా ఊడ్చాడు గానీ, బల్ల మీద అక్షిత చింపి వదిలేసిన, తన ఫోటో ఎక్కిన రీలుకు చుట్టి వచ్చిన వెండిరంగు కాగితాన్ని మాత్రం ముట్టుకోలేదు.