పైకి జరిపే మాట

మా తమ్ముడు మనోహర్ తెలంగాణ మీటింగుకని సిరిసిల్లల బస్సెక్కి హైదరాబాద్ పోయిండు, మళ్ల ఇంటికి రాలే. ఫోన్ బంద్. ఠాణాల చెప్పుకుంటే, "ఉద్యమానికి పోయిన పోరలు తిరిగి తిరిగి వాళ్లే వస్తరు, పోండ్రి" అన్నరు. వాళ్ల నోట్ల మన్నువడ!

వాని దోస్తులంత నెట్ల ఉన్నరు. తెలంగాణ గురించి పగలనక రాత్రనక కొట్లాడుకునే ఒక ఫోరం. గందుకే నెట్ సెంటర్ల కూసొని, వాని ఫొటో పెట్టి, "మా తమ్మున్ని ఎవరన్న చూసిండ్రా" అని ఇంగ్లీషుల రాసిన. అన్ని పెద్దక్షరాలే కొట్టిన. ఒకడు ఎంటనే ఎగవడ్డడు, "ఎందుకు ఒర్లుతున్నవ్?" అని. పెద్దక్షరాలు కొడితే అక్కడ గొంతు చించుకొని ఒర్రినట్టేనట. తమ్ముడు కనవడకుంటే ఒర్లక ఏం జేస్తరు?

మెల్లమెల్లగ నేర్చుకున్న. ఎల్.ఓ.ఎల్ అంటే నవ్వుడు. బి.ఆర్.బి అంటే ఇప్పుడే వస్త. మా వాడు ఆ ఫోరంల ఆఖరుసారి రాసి పోయింది గదే. ఎవరూ జవాబు రాయకుంటే మన ముచ్చట కిందికి పోయి ఎవల కంట్ల పడది. 'బంప్' అని రాస్తే మళ్ల పైకొస్తది. ఊకె రాస్తే తిడుతరు, రోజుకొక్కసారే రాయాలె.

గది చెప్పిన కాన్నుంచి బాపుకు అదే ధ్యాస. మా బాపు వెంకటికి సాంచలే లోకం. ఆ మరమగ్గాల చప్పుడు లేకుంటే నిద్ర గూడ పట్టది. తెలంగాణ బంద్ నాడు గూడ తలుపు పెట్టుకొని నడిపేటోడు. ఆపుమని మనోహర్ కొట్లాటకొస్తే, "ఇంట్ల ఎవలన్న సస్తెనే నా సాంచ ఆగుతదిరా" అనేటోడు. గసొంటాయన పొద్దుగూకంగనే నెత్తిల దూదితోనే నెట్ సెంటర్‌కొచ్చి, "బిడ్డా, పైకి జరిపినవా?" అని అడుగుడు. జరిపేదాంక కదలడు.

ఒకనాడు ఫోరం తెరిచేసరికి మా ముచ్చట పైననే ఉన్నది. బాపు నా ఎనుక నిలవడి చూసిండు.

"ఓయమ్మా, మనం జరపకముందే పైకొచ్చిందే! ఎంతమంది రాసిండ్రు బిడ్డా!"

ఆయనకు ఇంగ్లీషు రాదు. ఇన్నొద్దులకు మొకంల నవ్వొచ్చింది.

నేను సదివిన. కోరుట్ల పిలగాడు శ్రావణ్, హైదరాబాద్‌ల సదువుకుంటడు. రోజూ పైకొస్తున్న ఫొటో చూసి మనసాగక దవాఖానలన్ని తిరిగిండట. శవాల గదిల మనోహర్‌ను గుర్తువట్టిండు. రైలు పట్టాల మీద దొరికిండట. ఆఖరికి ఆర్.ఐ.పి అని రాసిండు, ఆత్మకు శాంతి అని. ఒకరు రాస్తే అందరు రాసుడు అక్కడి రివాజు. కిందికి పోయినకొద్ది అవే అక్షరాలు. 'ఎందుకు ఒర్లుతున్నవ్' అన్నోడు గూడ రాసిండు.

"నువ్వు గూడ రాయి బిడ్డా," అన్నడు బాపు. "లేకుంటే కిందికి పోతది."

ఎట్ల చెప్పాలె, ఏ నోటితోని చెప్పాలె? ఆయన చెయ్యి పట్టుకున్న.

"బాపూ, ఇంటికి పోదాం పా. సాంచ బంద్ పెడుదాం."

బాపు నన్ను చూసిండు. కంప్యూటర్ దిక్కు చూసిండు. మెల్లగ బల్ల పట్టుకొని కింద కూలవడ్డడు.

"గీళ్లంత సావుకొచ్చినోళ్లా బిడ్డా?" అన్నడు.