ఇందుమతి ఎత్తుకున్న చరణం

నేను ఒక హెడ్‌ఫోన్‌ని. ఏ దేశపు ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు. బతికిందంతా విజయవాడ గవర్నర్‌పేటలో, ఒక మేడ మీది చిన్న రికార్డింగ్ స్టూడియోలో. ఇప్పుడు ఒక చెవి మూగబోయి, తెగిన వైర్లతో పాటు అట్టపెట్టెలో పడి ఉన్నాను. నా మొదటి యజమాని భక్తిపాటల క్యాసెట్లు చేసేవాడు. క్యాసెట్ల కాలం పోగానే నన్ను సౌండ్ ఇంజనీరు మస్తాన్ గారికి అప్పగించి వెళ్లిపోయాడు. వైరాగ్యం పాట పాడుతూ, మధ్యలో ఆపి బిర్యానీ వచ్చిందా అని అడిగిన మహానుభావులను కూడా నేనెరుగుదును.

గాయని ఇందుమతి తీరు వేరు. నన్ను ఎప్పుడూ ఒక చెవికే పెట్టుకునేది. రెండో చెవీ, రెండు కళ్లూ కీబోర్డు వాయించే భర్త కరుణాకర్ మీదే. చరణం దగ్గర అతను తల ఊపితేనే ఆమె ఎత్తుకునేది. అదంతా ప్రేమే అనుకున్నాను. తర్వాత అతను వేరే కాపురం పెట్టాడు. ఆమె రెండేళ్లు స్టూడియో మెట్లెక్కలేదు.

మళ్లీ పిలిపించింది మస్తాన్ గారే. కొత్తగా కట్టిన పాప్ పాట, నెమ్మదైన నడక. విరిగిన మనసు తనకు తానే కట్టు కట్టుకుని లేచి నిలబడటం అందులో సంగతి. పల్లవి హాయిగా పాడింది. 'నా చెయ్యి నేనే పట్టుకున్నా' అని చరణం ఎత్తుకోవాల్సిన చోట మాత్రం నోరు పెగల్లేదు. నాలుగుసార్లూ అంతే. ఎవరి చెయ్యీ అక్కర్లేదని చెప్పే పాటకు ఎవరో ఒకరు తల ఊపాలి! మనుషులు ఇలాంటి చిక్కులు ఎలా కొనితెచ్చుకుంటారో గానీ, ఆరోజు నాకు నవ్వు రాలేదు. నా మెత్తలు ఆమె కన్నీళ్లతో తడిశాయి. తనకిక పాట లేదనీ, ఇంకెవరినైనా పిలవమనీ అంది.

అద్దం అవతల నుంచి తాను చెయ్యెత్తి చూపిస్తానన్నారు మస్తాన్ గారు. అలాగే పాడింది. ఎక్కడా తప్పు పోలేదు. బాగుందమ్మా అన్నారాయన. ఆమె ఆయన చేతి వంక చూసింది.

"బాబాయ్, మీరు కాస్త అటు తిరిగి కూర్చోండి."

"మళ్లీ తప్పితేనో తల్లీ?"

"తప్పితే తప్పనివ్వండి."

ఆయన కుర్చీ తిప్పుకున్నారు. ఆమె నన్ను రెండు చెవులకూ సర్దుకుని కళ్లు మూసుకుంది. నేను తాళం వినిపించగలను, అంతే. అంతకుమించి ఏం చేయలేనందుకు బాధేసింది. చరణం వచ్చింది. పిసరంత ఆలస్యంగా ఎత్తుకుంది. ఆ తర్వాత ఎక్కడా ఆగలేదు.

మస్తాన్ గారు తలుపు తీసుకుని వచ్చి, ఇదే ఉంచేస్తానన్నారు. ఇందుమతి నన్ను తియ్యకుండానే, ఇంకోసారి పాడతానంది. తప్పెక్కడ వచ్చిందని ఆయన కంగారుగా అడిగారు.

"తప్పేం లేదు బాబాయ్. పాడాలనుంది."